విజయశ్రీ వెల ఎంత?

ఆషాఢ బహుళ అమావాస్య... సూర్యగ్రహణం!

రెండు వేల తొమ్మిదో సంవత్సరంలో ఆనాడు తెల్లవారింది. కాని వెలుగు రాలేదు! కాప్రా చెరువు దిక్కునుంచి లేచిన కారుమేఘాలు నాచారం ఆకాశాన్ని నల్లగొంగడిలా కప్పేశాయి. ఆ మేఘాల వెనుక ఎక్కడో రాహువు సూర్యబింబాన్ని అంచునుంచి కొరుక్కుతింటున్నాడు. కాకులు కూయలేదు. పాలబండ్లు కదలలేదు. కార్ఖానాల పొగగొట్టాలు కూడా ఊపిరి బిగబట్టినట్టు నిలబడిపోయాయి. నాచారం చెరువు వెనుక సందులోని పాత రాతిబంగళా చూరుమీద మాత్రం ఒక గుడ్లగూబ, రాత్రి ఇంకా గడవలేదనుకుందో ఏమో... గూ... గూ... అని మూలుగుతోంది.

ఆ బంగళా గేటు ముందు ఒక స్కూటీ ఆగింది.

దిగిన మనిషి పేరు గౌతమి. పాత ఇళ్లకూ, పురాతన వస్తువులకూ, చేతులు మారే దుకాణాలకూ వెల కట్టడం ఆమె వృత్తి. అంబర్‌పేటలో అన్నదమ్ములు తాతలనాటి ఇల్లు పంచుకోవాలన్నా, ఏఎస్ రావు నగర్‌లో ఎవరైనా నడుస్తున్న దుకాణం కొనాలన్నా ముందు ఆమెకే కబురు వెళ్లేది. ఎక్కువ చెప్పమని బతిమాలినవాళ్లున్నారు, తక్కువ చెప్పమని బెదిరించినవాళ్లున్నారు. ఆమె నాలుక మీద అబద్ధపు వెల ఒక్కటీ పలకలేదు. ఆ మంచిపేరే తన మెడకు ఉచ్చవుతుందని పాపం ఆమెకేం తెలుసు!

ఉప్పల్‌లో ఇల్లు కదిలేటప్పుడు తల్లి సత్తమ్మ గడపకు అడ్డం నిలబడింది.

"గ్రాణం పూట ఎవలన్న గడప దాటుతరా బిడ్డా? జర విడిచినంక పోరాదు."

"గ్రహణమంటే నీడనే కదమ్మా. నీడకు బుగులువడి కూసుంటే నా పని నడుస్తదా? ఆ సారు దగ్గర కొనేటోళ్లు పగటి విమానానికి పోతరట. ఆలోపల వెల కట్టాలె."

అలా వచ్చింది గౌతమి... ఆ రాతిబంగళాకు!

తలుపు తెరిచినవాడు జగన్మోహన్. పాతసామాను వర్తకుడు. గోదావరి జిల్లాలనుంచి వచ్చి నాచారంలో స్థిరపడ్డాడు. తెల్లని లాల్చీ, నుదుట గంధం, తేనె పూసిన మాట. కళ్లలో మాత్రం రెప్పపాటు లేదు!

"రండి గౌతమిగారూ. మీకోసమే కాచుకు కూర్చున్నాను."

ఆమె లోపల అడుగుపెట్టగానే తలుపు తనంతట తానే మూసుకుంది. గాలి అనుకుంది. కాని... గాలి ఎక్కడుంది? ఆకైనా కదలడం లేదే!

హాలు నిండా వస్తువులు. ఇత్తడి దీపపు సెమ్మెలు, టేకు భోషాణం, నిలువెత్తు బెల్జియం అద్దం, చిలకలు చెక్కిన ఊయల, ఒక మూల వీణ. లోపలి గదిలోంచి ఎవరో స్త్రీ సన్నగా పాడుతోంది. మధురమైన కంఠం... ఏదో జోలపాట.

"మొదట వీణ చూడండి" అన్నాడు జగన్మోహన్. "వెల కాగితం మీద వద్దు. నోటితో చెప్పండి చాలు."

గౌతమి వంగి చూసింది. పనసచెక్క, ఒకే మొద్దులో తొలిచిన ఏకాండి. నూరేళ్ల పైమాట. మెట్ల మీద ఒకే మనిషి వేళ్లు అరగదీసిన గుర్తులు.

"అరవై వేలు చేస్తది సార్" అంది.

"అమ్మా...!"

లోపలినుంచి ఒక ఆర్తనాదం గోడలను చీల్చుకుంటూ వచ్చింది. పాట పుటుక్కున తెగిపోయింది!

"ఏమైంది సార్? ఎవరు గట్ల మొత్తుకుంటున్నరు?"

"నా భార్య విజయశ్రీ. మనసు బాగుండదు. మీరు పట్టించుకోకండి. ఊయల చూడండి."

ఇప్పుడు లోపలి గొంతు పాడటం లేదు. "చిన్నీ... నా చిన్నీ..." అని ఎవరినో పిలుస్తోంది. గౌతమి మనసు కీడు శంకించింది. అయినా పని పనే. ఊయల గొలుసులు తడిమి వెల చెప్పింది. మళ్లీ కేక! ఈసారి మొదటిదానికన్నా నీరసంగా... నూతి అడుగునుంచి వచ్చినట్టుగా! ఆ తరువాత చిన్నీ అన్న పిలుపు మరి వినిపించలేదు.

అద్దం ముందుకు వచ్చింది గౌతమి. అందులో ఆమె మొహం లేదు! హాలూ లేదు! చీకటిగదిలో జుట్టు విరబోసుకున్న ఒక స్త్రీ నల్లదారాలతో స్తంభానికి కట్టబడి ఉంది. ఆమె అద్దంలోంచి నేరుగా గౌతమినే చూస్తూ, వద్దు... వద్దు... అన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది!

గౌతమి చటుక్కున అద్దం ముందునుంచి వెనక్కి తగ్గింది.

"ఈ సామానంత ఎవరిది సార్?"

"ఇంకెవరిది? మా ఆవిడదే. పుట్టింటి సొమ్ము." జగన్మోహన్ నవ్వాడు. "పాట వీణలో ఉండేది. పురిట్లోనే పోయిన బిడ్డ జ్ఞాపకం ఊయలలో ఉండేది. మీరు వెల కట్టారు... అవి నావైపోయాయి!"

గౌతమి తలుపుకేసి పరుగెత్తింది. తలుపేది? తలుపున్నచోట నల్లని రాతిగోడ! కిటికీ రెక్కలు లాగింది. వాటి వెనుకా గోడే! సెల్‌ఫోన్ తీసి చెవికి ఆనించింది. అందులోంచి... గూ... గూ... అని గుడ్లగూబ కూత!

"ఈ ఇల్లు నా మాట వింటుంది" అన్నాడతను. గొంతులో తేనె ఇంకిపోయింది. మన్ననా పోయింది. "నడు లోపలికి!"

కాళ్లు ఆమెవి. నడక మాత్రం అతనిది! గాలానికి చిక్కిన చేపలా గౌతమి లోపలి గదికి ఈడ్వబడింది.

నేలమీద రక్తవర్ణంలో ముగ్గు. ముగ్గు అంచున పసుపు కుంకుమ రాశులు. కాలుతున్న ఎండుమిరపకాయల ఘాటు, మాడిన వెంట్రుకల కంపు. మధ్యలో ఎర్రగుడ్డ కప్పిన పీఠం. దానిపైన ఒక పుర్రె! స్తంభానికి కట్టిన విజయశ్రీ కళ్లు తెల్లగా తిరిగిపోయి ఉన్నాయి. ఆమె నోటినుంచి వచ్చే గొంతు ఆమెది కాదు... వంద నక్కలు ఒక్కసారి మూలిగినట్టుంది!

"ఆకలి... ఆకలి... వెల చెప్పించు... ఆకలీ...!"

"విన్నావా? కపాలకాళిక!" జగన్మోహన్ కళ్లు నిప్పుల్లా వెలిగాయి. "వెల కట్టని ప్రాణిని ఆమె బలిగా స్వీకరించదు. వెల కట్టని వస్తువు నాకూ లొంగదు. సత్యం తప్పని నాలుకతో ఈ ఆడదాని వెల పలికించి బలి ఇస్తే, ఈ నగరంలో పాత గోడల మధ్య, పాత పునాదుల కింద దాగిన ప్రతి నిధీ నా కళ్లకు కనపడుతుంది! చెప్పు! విజయశ్రీ వెల ఎంత?"

"నువ్వు మనిషివేనా? పెండ్లాంకు వెల కట్టమంటవా? నేను చెప్ప!"

"చెప్పవా? ఈ పుర్రె ఎవరిదో తెలుసా? మా అత్తగారు తారామణిది! కిందటి గ్రహణానికి ఆవిడ వెల కట్టించాను. కట్టినవాడు దొంగమాట చెప్పాడు. పూజ ఫలించలేదు... ఆవిడ ప్రాణం మాత్రం పోయింది. వాడేమయ్యాడంటావా? అదిగో, నీ వెనుక గోడలో ఉన్నాడు! చెవి పెట్టి విను!"

గౌతమి గోడకు చెవి పెట్టలేదు. పెట్టనక్కరలేదు... గోడలోంచి గోళ్లతో గీరుతున్న చప్పుడు ఆమె వీపుకే తెలుస్తోంది!

నిజం చెబితే విజయశ్రీ బలి. అబద్ధం చెప్పినా తారామణికి పట్టిన గతే. పోనీ నోరు మూసుకుంటే?

ఆమె తలపు చదివినట్టు వికటాట్టహాసం చేశాడు జగన్మోహన్. "మాట్లాడకుండా గ్రహణం విడిచేదాకా ఉందామనుకుంటున్నావా? ఆకలితో వచ్చింది ఊరకే పోదు! విజయశ్రీనీ, నిన్నూ కలిపి మింగుతుంది!"

ఫెళ ఫెళ ఫెళ...! పైన ఉరుము. గది కుంచించుకుపోతున్నట్టు గోడలు దగ్గరికి జరిగాయి. గాలి అందడం లేదు. చెమటతో ఒళ్లు తడిసిపోయింది. ఎప్పుడూ ఇతరుల ఇళ్లలోకి వెళ్లి, చూసి, వెల చెప్పి బయటికి వచ్చే మనిషి... బయట అనేదే లేని ఇంట్లో చిక్కుకుంది!

విజయశ్రీ కనుకొలకులనుంచి ఒక నీటిబొట్టు జారింది. లోపల ఆమె ఇంకా ఉంది. కొంచెమే మిగిలి ఉంది. ఆ బొట్టు చూశాక గౌతమికి కంగారు అణిగిపోయింది.

"చెప్త" అంది. "గని ఊకెనే చెప్పుడు నాతోని కాదు. నిజమైన వెల కావాల్నంటే అన్నీ సూడాలె. ముందుగాల పుర్రె సూడనియ్యి."

ఎలాగైనా కొంత వ్యవధి చిక్కించుకోవాలన్నదే ఆమె ఆశ. అంతకుమించి ఆలోచన లేదు.

"చూడు! త్వరగా!"

గౌతమి రెండు చేతులతో పుర్రెను ఎత్తింది. కింది ఎర్రగుడ్డ దానితోపాటు లేచింది. గుడ్డ కింద పీఠం లేదు... నల్లని రాయి! మోకాలెత్తు సన్నపాటి శిల. దాని మీద ఎప్పటిదో పసుపు, పగుళ్లలో ఇంకా మిగిలి ఉంది. పైభాగాన పక్కపక్కన రెండు గుంటలు. వాటిలో వేలు పెట్టింది. లోపల మరచుట్లు తగిలాయి!

ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఆ గుంటల్లో ఉండాల్సిన కళ్లు ఆమె ఎరుగును! తండ్రి పనిచేసిన నూలుమిల్లు గేటు పక్కన ఉండే మైసమ్మవి! మిల్లు కార్మికులే లేత్ మిషన్ మీద ఇత్తడి కడ్డీ పట్టి, మరలు తీసి, గుండ్రటి కళ్లు చేసి రాతికి బిగించారు. పని దిగినవాళ్లంతా ఆ గేటు దాటేముందు ఒక్క క్షణం ఆగి, చెయ్యి తాకించి, కళ్లకద్దుకుని పోయేవారు. అన్నం గిన్నె పట్టుకుని వెళ్లిన చిన్నారి గౌతమి ఆ మెరిసే కళ్లకు జడిసి తండ్రి పంచెచాటున దాక్కునేది. తరువాత మిల్లు మూతపడింది. మిషన్లు తూకానికి పోయాయి. రాయి ఏమైందో ఎవరికీ తెలియలేదు.

"ఈ రాయి నీకెట్ల వచ్చింది?" రాతి మీదినుంచి చెయ్యి తీయకుండానే అడిగింది ఆమె.

"అదెందుకిప్పుడు? మిల్లు తుక్కు కొన్నప్పుడు లారీలో పడి వచ్చింది. రెండు ఇత్తడి గుబ్బలుంటే పీకి అమ్మేశాను. బండరాయికి వెల ఎవడిస్తాడు? ఊరికే వచ్చింది!"

"ఊరికెనే వచ్చిందా?" గౌతమి తలెత్తింది. "దీనికి ఎవరు వెల కట్టలే?"

"లేదంటున్నానుగా!"

"వెల కట్టంది నీకు లొంగదు అంటివి గదా!"

జగన్మోహన్ మొహంలో రక్తం ఇంకిపోయింది. "ముట్టుకోకు! దాన్ని ముట్టుకోకు...!" అంటూ మీదికి దూకాడు.

అప్పటికే గౌతమి ముగ్గులోని పసుపు కుంకుమ దోసిట పట్టి ఆ రాతి నుదుట అలిమింది. ఏ గుడిలోనూ చేతులు జోడించని మనిషి... తండ్రి పిలిచే పిలుపును గొంతు చించుకుని పిలిచింది.

"మైసమ్మా...! తల్లీ...! ఆడబిడ్డకు వెల కడుతున్నరే తల్లీ...!"

అంతలో... భూమి కింద వేయి మగ్గాలు ఒక్కసారి ఆడినట్టు గది దద్దరిల్లింది! విజయశ్రీ ఒంటిమీది నల్లదారాలు పటపటా తెగిపడ్డాయి. తెల్లబడిన కళ్లు తిరిగి వచ్చాయి. కాని అవి ఇప్పుడు నల్లగా లేవు... కరిగిన ఇత్తడిలా ధగధగలాడుతున్నాయి! ఆమె కాలెత్తి ముగ్గు మధ్య వేసింది. అతను కపాలకాళిక అని కొలిచిన పిశాచం కుక్కపిల్లలా కుయ్యిమని ఏడ్చి, పొగై నేలలోకి ఇంకిపోయింది!

గోదావరి యాస తప్ప ఎరుగని ఆ స్త్రీ నోట, మిల్లు గేటు దగ్గరి మాట ఉరిమింది.

"ఏం రా...! నా కండ్లు యాడ వెట్టినవ్ రా?"

జగన్మోహన్ మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"తల్లీ! తెలీక చేశాను! బంగారు కళ్లు చేయిస్తాను! వజ్రాలు పొదిగిస్తాను! ఎంతైనా ఇచ్చుకుంటాను తల్లీ... ఎంతైనా!"

"ఎంతిస్తవ్ రా? నాకు గూడ వెల కడుతవా?"

ఆమె నవ్వింది. ఆ నవ్వుకు పైకప్పు నిలువునా చీలింది. చీలికలోంచి దిగిన మెరుపు జగన్మోహన్ రెండు కళ్లలోకి సూదిలా దిగబడింది! అతని కేక గోడలను తాకి, గోడల్లోనే చిక్కి, అక్కడే అణగిపోయింది. తెల్లలాల్చీ నల్లబడింది. మనిషి ఉన్నచోట గుప్పెడు బూడిద... అంతే!

గోడలోని గీరుడు చప్పుడు ఆగిపోయింది. ఎవరో దీర్ఘంగా నిట్టూర్చినట్టయింది.

గౌతమి కళ్లు తెరిచేసరికి తలుపు తలుపులా ఉంది. దాని సందులోంచి పచ్చని ఎండ నేలమీద పడుతోంది. గ్రహణం విడిచింది.

విజయశ్రీ నేలమీద కూర్చుని తల్లి పుర్రెను ఒళ్లో పెట్టుకుంది. చాలాసేపు ఏడ్చింది. ఏడుపు మధ్యలో, తెగిన చోటునుంచే, ఆ జోలపాట మళ్లీ అందుకుంది.

తరువాత తలెత్తి, "ఎవరండీ మీరు?" అంది.

"వెల కట్టేదాన్ని అక్కా" అంది గౌతమి. "తెల్వక నీ వీణకు, ఊయలకు గూడ కట్టిన. నన్ను మన్నించు."

విజయశ్రీ చెయ్యి చాచి ఆమె చెయ్యి పట్టుకుంది.

తల్లి పుర్రెను తన చీరచెంగులో మూటగట్టుకుంది విజయశ్రీ. ఇద్దరూ కలిసి ఆ రాయిని మోసి స్కూటీ ముందుభాగంలో పెట్టారు. చెరువు సందు దాటి నాచారం గల్లీలోకి వచ్చేసరికి జనం ఇళ్లలోంచి బయటికి వస్తున్నారు. గ్రహణం మైల పోయేలా ఆడవాళ్లు గడపలు కడుగుతున్నారు. ఒక ఇంటి ముందు సారలమ్మ అనే ముసలామె బిందెతో నిలబడి స్కూటీకి అడ్డం వచ్చింది. ఆ రాయిని, దాని నుదుటి పసుపును, రెండు ఉత్త గుంటలను చూసింది.

"యాడి తల్లి ఈమె, బిడ్డా?"

"మిల్లు గేటు మైసమ్మ. ఇప్పుడు మిల్లు లేదు, గేటు లేదు. ఎక్కడ వెట్టాల్నో సమజైతలేదు అవ్వా."

సారలమ్మ బిందె ఎత్తి నీళ్లన్నీ రాయి మీద గుమ్మరించింది. తన వాకిలి పక్కన, కడిగిన నేల చూపించింది.

"గేటు లేకుంటేంది, గల్లీ ఉన్నది. దించున్రి."