మధ్య సోఫా

ఇస్సాకు పరుగెడుతున్నాడు!

ఏలూరు స్టేడియం గేటు... లోపల పాటల కచేరీ... చీకటి... తోపులాట!

చెవిలో ఇంకా ఫోన్లో అబ్రహాం మాటలే మోగుతున్నాయి. అతను పాపారావు దగ్గర కారు డ్రైవరు. ఇస్సాకు వాళ్ళ చర్చివాడే.

"ఇస్సాకన్నా! చెల్లెమ్మని ఆ సోఫాలోంచి లేపెయ్! లైట్లు ఆర్పి మొదటి డ్రమ్ము కొట్టగానే కాల్చేస్తాడు!"

"ఎవడు?"

"కిరాయి మనిషి. లైట్ల టవరెక్కాడు. ఇక్కడ ఎవరి మొహమూ ఎరగడు. ముందు వరస, మధ్య సోఫా... అంతే చెప్పారు వాడికి!"

ఫోన్ కట్! భార్య గ్రేస్‌కి చేస్తే ఎత్తడం లేదు.

కొల్లేరు గట్టు మీద పాపారావు ఒకణ్ణి నరకడం గ్రేస్ కళ్ళారా చూసింది. సోమవారం కోర్టులో సాక్ష్యం.

మొన్నెవడో ఇంటికొచ్చాడు. "లక్కీ డ్రా తగిలిందండీ! వీఐపీ పాసు ఒకటి. ఏ సీటో మీరే ఏరుకోండి."

సీట్ల ప్లాను మీద వేలు పెట్టి గ్రేస్‌కి మధ్య సోఫా చూపించింది... ఇస్సాకే!

పాటకి పిలిచి పాడె కడుతున్నాడు పాపారావు!

"పాసేదండీ?" గేటు దగ్గర వాలంటీరు.

"మా ఆవిడ లోపలుందండీ!"

"అందరి ఆవిడలూ లోపలే ఉన్నారండీ!"

ఇస్సాకు బారికేడ్ దూకాడు. వీపు మీద లాఠీ! ఆగలేదు.

"గ్రేసూ!"

స్పీకర్లు ఆ కేకని మింగేశాయి.

ముందు వరస... మధ్య సోఫా... ఖాళీ!

అటూ ఇటూ వెతికాడు.

"ఏవండీ! ఇక్కడ!"

మూడో వరస. ప్లాస్టిక్ కుర్చీలో గ్రేస్!

"ఎవరో పెద్దాయన వచ్చారటండీ. కమిటీ వాళ్ళు నన్ను లేపేశారు." మొహం మాడ్చుకుంది.

ఇస్సాకు ఆమె పక్కనే కూలబడ్డాడు.

వెనక వరసల నుంచి ఊరేగింపు! మెడలో దండతో పాపారావు. చెయ్యి పట్టి లాక్కొస్తున్నాడు కమిటీ ప్రెసిడెంటు కోదండరామయ్య.

"వద్దండీ! నాకు వెనకే బాగుందండీ!"

"పెద్ద చందా ఇచ్చినవారు! మీరు వెనక కూర్చుంటే మా పరువేం కావాలండీ?"

"ఎక్కడైనా కూర్చుంటాను బాబూ... ఆ సోఫా తప్ప!"

"మీ వినయం మాకు తెలీదాండీ!"

భుజాలు నొక్కి కూర్చోబెట్టేశారు.

లైట్లు ఆరాయి!

పాపారావు గబుక్కున లేవబోయాడు.

ఇస్సాకు నోరు పెగిలింది. "పారిపోండి! అక్కణ్ణుంచి..."

"కూర్చోవయ్యా ముందు! అడ్డం!" వెనక నుంచి వంద గొంతులు.

"కూర్చోండి సార్, కూర్చోండి!" కోదండరామయ్య మళ్ళీ నొక్కాడు.

ఢమ్!

ఢాం!

రెండోది డ్రమ్ము కాదు.