నాలుగు మిల్లీమీటర్ల నిశ్శబ్దం

కోటేశ్వరరావును చంపడానికి పదకొండు సెకన్లు పట్టింది.

మెల్‌బోర్న్ దగ్గర కేరమ్ డౌన్స్ గుడిలో దర్శనం చేసుకుని, పులిహోర పొట్లంతో పార్కింగ్‌లోకి వచ్చాడు. రోడ్డు పనివాళ్ళ పసుపుపచ్చ హై-విజ్ జాకెట్ వేసుకున్న మనిషొకడు టైము అడిగే నెపంతో దగ్గరికొచ్చి, మెడ పక్కన సూది గుచ్చి, లాప్‌టాప్ బ్యాగు తీసుకుని నడిచి వెళ్ళిపోయాడు. చూసినవాళ్ళు గుండెపోటు అనుకున్నారు. తొక్కుతారేమోనని ఎవరో పొట్లాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టారు. మనిషి మీద మాత్రం చాలాసేపు ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

మూడోరోజు ఉపేంద్రకు కాన్‌బెర్రా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. అదే ఊళ్ళో, గంగాలిన్ పేటలో, ఇరుగుపొరుగుకు అతను ఐటీ కాంట్రాక్టర్. అసలు ఉద్యోగం గూఢచర్యమని తెలిసినవాళ్ళు ఆరుగురే. వాళ్ళలో పై అధికారి శేషుకుమారి. ఆవిడకు మనుషులకంటే ఫైళ్ళంటే ప్రేమ. ఒక నలుపు తెలుపు ఫొటో ముందుకు తోసింది. పాత జర్మన్ జలాంతర్గామి. యు-480.

అరవై ఏడు మీటర్ల పొడవు, మామూలు డిజైనే. కాకపోతే ఒంటినిండా నాలుగు మిల్లీమీటర్ల రబ్బరు తొడుగు. లోపలి పొరలో లెక్క ప్రకారం వేసిన రంధ్రాలు. శత్రువు పంపిన సోనార్ శబ్దం వాటిలో పడి చచ్చిపోయేది. బాధంతా జిగురుతోనే. ఉప్పునీటికి ఊడకుండా అతికించడానికి వేల గంటల పని పట్టేది. 1944 ఆగస్టులో ఈ ఒక్క పడవ ఇంగ్లిష్ చానెల్‌లో నాలుగు ఓడల్ని ముంచింది. వేటాడటానికొచ్చిన నౌకలు గంటల తరబడి చుట్టూ తిరిగి, ఏమీ వినబడక ఉత్త చేతులతో వెళ్ళిపోయాయి.

ఊడని జిగురును ఇప్పుడు మన జలాంతర్గాముల కోసం ఇద్దరు కనిపెట్టారు. సగం సూత్రం కోటేశ్వరరావు దగ్గర, మిగతా సగం టూవూంబా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఈశ్వరప్రసాద్ దగ్గర. రెండూ కలిస్తే మన పూత ఏ శబ్దానికి లొంగుతుందో బయటపడుతుంది.

"బయటపడితే?"

"సముద్రంలో ఉన్న మనవాళ్ళు అక్కడే ఉండిపోతారు. ఒక్కో పడవలో అరవై మంది." ఆవిడ ఫైలు మూసింది. "దొంగ డెనిస్. మూడు దేశాల పాస్‌పోర్టులున్నాయి, ఏ దేశమూ అతనిది కాదు. మన వైశాలి అతని ముఠాలోనే ఉంది."

వైశాలిని నాలుగేళ్ళ కిందట ఈ పనిలోకి తెచ్చింది ఉపేంద్రే. మూడేళ్ళుగా ప్రేమిస్తున్నదీ అతనే. ఆ సంగతి ఫైల్లో లేదు.

పథకం తేలికైనది. వైశాలి రియల్ ఎస్టేట్ ఏజెంటుగా ఈశ్వరప్రసాద్ ఇంటివాళ్ళతో అప్పటికే పరిచయం పెంచుకుంది. ఆదివారం వెళ్ళి, స్టడీ రూము డ్రాయర్లో తాము ముందే పెట్టించిన నకిలీ డ్రైవ్ తీసి డెనిస్‌కు అందిస్తుంది. ఉపేంద్ర ఇంటర్నెట్ టెక్నీషియన్ వేషంలో కాపలా ఉంటాడు. ఆ దంపతులకు మాత్రం ఏమీ చెప్పరు. ఈశ్వరప్రసాద్‌కు నటన రాదు, ఎరకు తాను ఎరనని తెలియకపోవడమే మంచిదని శేషుకుమారి ఉద్దేశం.

ఆదివారం పదకొండింటికి ఉపేంద్ర టూవూంబాలో మోడెమ్ విప్పుతున్నాడు. ఈశ్వరప్రసాద్ భార్య శ్యామసుందరి రెండు నిమిషాల్లో అతనిది తెనాలి అని రాబట్టింది, ఇంకో నిమిషంలో భోజనానికి ఉండమంది. అంతలో వైశాలి వచ్చింది. మామిడిపిందె రంగు చీర, నల్ల కళ్ళద్దాలు, చేతిలో స్టీలు డబ్బా నిండా మైసూర్‌పాక్. ఉపేంద్రను పరాయివాణ్ణి చూసినట్టు చూసింది. ఆ పని ఆమెకు బాగా వచ్చు.

ఈశ్వరప్రసాద్ దొరికినవాళ్ళకల్లా యు-480 కథ చెబుతాడు. వైశాలికీ చెప్పాడు. ఎవరికీ వినబడకుండా తిరిగిన పడవ చివరికి సముద్రంలో పాతిన మందుపాతర మీదికి వెళ్ళిందట. నలభై ఎనిమిది మందిలో ఒక్కడూ మిగల్లేదట. మందుపాతరకు చెవులెందుకమ్మా, తగిలితే చాలు అన్నాడు. వైశాలి పాపం అంది. దేవుడికి దండం పెట్టుకుంటానని పూజగదిలోకి వెళ్ళింది, ఇల్లు కొలిచే నెపంతో స్టడీ రూములోకీ వెళ్ళింది, అరగంటలో బయల్దేరింది. శ్యామసుందరి కారుదాకా సాగనంపింది.

ఇరవై నిమిషాలకు ఉపేంద్ర ఫోన్లో మెసేజ్ వచ్చింది: ఆక్షన్ ఓవర్. నకిలీది తీశానని దానర్థం.

అలవాటుకొద్దీ డ్రాయర్ తెరిచాడు. నకిలీ డ్రైవ్ అక్కడే ఉంది.

పూజగదికి పరుగెత్తాడు. తెలుగువాళ్ళ ఇంట్లో విలువైన వస్తువు ఎక్కడుంటుందో వైశాలికి ఒకరు చెప్పాలా? వెంకటేశ్వరస్వామి పటం కాస్త పక్కకు జరిగి ఉంది. దాని వెనక, అసలు డ్రైవ్ దాచిన చోటు ఖాళీ. కోటేశ్వరరావు ఆ రోజు గుడికి వెళ్తాడని డెనిస్‌కు చెప్పిందెవరో కూడా అప్పుడే అర్థమైంది.

పెరట్లోకి వెళ్ళి శేషుకుమారికి ఫోన్ చేశాడు. ఆవిడే ముందు మాట్లాడింది. ఇందాక వైశాలి వచ్చాక అతని టెక్నీషియన్ మీటరు వంటింట్లోంచి ఒక సిగ్నల్ పట్టింది, దాన్ని ఆఫీసుకు పంపాడు. మైసూర్‌పాక్ డబ్బాలో మైకు పెట్టారని అతనూ శేషుకుమారీ అనుకున్నారు.

"సిగ్నల్ విప్పి చూశాం. అది మైకు కాదు, బాంబు. మైసూర్‌పాక్ తియ్యగానే, బరువు తగ్గి టైమర్ మొదలైంది. నలభై నిమిషాలు. ఇంకా ఏడున్నాయి. వాళ్ళను బయటికి తీసుకురా."

డ్రైవ్ చేతికొచ్చాక ప్రొఫెసర్ బుర్రలో ఉన్నదీ మిగలకూడదని డెనిస్ లెక్క. వైశాలికి కూడా మైకనే చెప్పి ఉంటాడు.

ఉపేంద్ర వంటింట్లోకి దూకాడు. సింకులో డబ్బా లేదు.

"దాన్ని ఆ అమ్మాయికి అప్పుడే ఇచ్చేశాను బాబూ," అంది శ్యామసుందరి, బాణలిలో గారె తిప్పుతూ. "ఉంచండాంటీ, తర్వాత తీసుకుంటానంది. ఒకళ్ళ డబ్బా మనింట్లో ఉంచుకుంటామా? ఖాళీగా ఎలా ఇస్తాం, నాలుగు గారెలేసి వెనకసీట్లో పెట్టొచ్చాను."

ఎన్ని దేశాలు తిరిగినా డెనిస్‌కు ఈ సంగతి చెప్పిన నాథుడు లేడు.

ఉపేంద్ర మళ్ళీ పెరట్లోకి వచ్చాడు. ట్రాకర్ ప్రకారం వైశాలి ఊరి బయట పాడుబడ్డ ధాన్యం సైలోల దగ్గర ఆగింది. పోలీసులు చేరడానికి పాతిక నిమిషాలు పడుతుంది. ఒక్కమాట చెబితే ఆమె బతుకుతుంది. డబ్బా పొలంలోకి విసిరేస్తుంది, ఫైలు డెనిస్ చేతిలో పడుతుంది. ఫోన్ చేశాడు.

"ఉపేంద్రా, మెసేజ్ పెట్టా గదా. ఆల్ గుడ్."

"డెనిస్ వచ్చాడా?"

"వ్యాన్‌లో ఉన్నడు. అప్‌లోడ్ నడుస్తుంది. మధ్యాహ్నంకల్ల ఫ్రీ అయిపోతా."

"వైశాలీ, నాకు చెప్పాల్సిందేమైనా ఉందా?"

ఆమె నవ్వింది. "ఏముంటది? నకిలీదే ఇచ్చిన. ట్రస్ట్ మీ."

ఆ నవ్వంటే అతనికి ఇప్పటికీ ఇష్టమే. అది అతని ఖర్మ.

"అయితే అతను స్క్రీన్ చూడకుండా చెయ్యి. వెనకసీట్లో ఆంటీ గారెలు పెట్టింది. తీసుకెళ్ళి పెట్టు. ఫోన్ ఆన్‌లోనే ఉంచు, నేను వింటుంటాను."

కారు తలుపు తెరుచుకుంది. కంకర మీద చెప్పుల చప్పుడు. వ్యాన్ తలుపు జరిగింది. తొంభై నాలుగు శాతం అన్నాడు డెనిస్ ఇంగ్లిష్‌లో. లంచ్ తెచ్చానంది వైశాలి. డబ్బా చూసి డెనిస్, అది నీ దగ్గరికెలా వచ్చిందని అరిచాడు. కుర్చీ పడింది.

"ఉపేంద్రా... ఇదేంది? ఉపేంద్రా!"

ఫోన్లో పెద్ద చప్పుడైంది. లైను తెగిపోయింది.

శేషుకుమారి వెంటనే ఫోన్ చేసి అప్‌లోడ్ తొంభై ఆరు దగ్గర ఆగిందని, ఆ ముక్కతో ఎవరూ ఏమీ చేసుకోలేరని చెప్పి, శభాష్ అంది. బట్టలారేసే తీగ పట్టుకుని ఉపేంద్ర ఏడ్చాడు. తర్వాత కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాడు.

లోపల శ్యామసుందరి కంచం పెట్టి కూర్చోబెట్టింది. ఈశ్వరప్రసాద్ ఇంటర్నెట్ స్పీడ్ పెరిగిందని మెచ్చుకున్నాడు.

"ఆ అమ్మాయి చక్కగా ఉంది కదూ," అంది శ్యామసుందరి, బల్ల మీదున్న వైశాలి విజిటింగ్ కార్డు చూసి నంబరు నొక్కుతూ. "మెల్‌బోర్న్‌లో మా తమ్ముడి కొడుక్కి సరిగ్గా సరిపోతుంది. అరె, స్విచాఫ్ వస్తోంది. సాయంత్రం చేస్తానులే."

"అలాంటి ఉద్యోగాల్లో సాయంత్రాలు కూడా తీరికుండదాంటీ," అన్నాడు ఉపేంద్ర, రెండో గారె అందుకుంటూ.