నలభై మంది బావలు, ఒక్క క్లిక్కు

విదేశీ రేవు పట్టణంలో, సముద్రానికి ఎదురుగా ఉన్న కాఫీ కొట్టులో, ఒక పెద్దమనిషి మరో గుటక కోసం కప్పు ఎత్తాడు. ఆ గుటక గొంతు దిగలేదు. సైలెన్సర్ బిగించిన తుపాకీకి మర్యాద ఎక్కువ. ఎవరి కాఫీకీ అంతరాయం కలగకుండా పని ముగించింది. అతని జేబులో దొరికిన కార్డు మీద ఒకే మాట ఉంది: జంపఖానాల వ్యాపారి.

ఆ వారమే, శుక్రవారం సాయంత్రం. హనుమకొండలో ఒక జిరాక్స్ సెంటర్ మీద, మూడో అంతస్తులో, ‘ఓరుగల్లు జంపఖానా ఎక్స్‌పోర్ట్స్’ అనే బోర్డు కింద ఒక వాటర్ క్యాన్ మనిషి ఆగాడు. ఇన్నేళ్లలో ఆ ఆఫీసు నుంచి ఒక్క జంపఖానా కూడా ఎక్స్‌పోర్ట్ కాలేదు. అక్కడ ఎక్స్‌పోర్ట్ అయ్యేది మనుషులు, ఇంపోర్ట్ అయ్యేది రహస్యాలు.

తలుపు వెనక నుంచి గొంతు. “జంపఖానా ఎంత పొడుగు?”

“కూసునేటోళ్లను బట్టి.”

తలుపు తెరుచుకుంది. వాటర్ క్యాన్ మనిషి లుంగీ దించాడు. కింద ప్యాంటు ఉంది లెండి. ఏజెంట్ భానుచందర్ ఎప్పుడూ రెండు పొరలు కట్టుకునే వస్తాడు. గూఢచారి అన్నాక చారులో కూడా రెండు రుచులుండాలి.

“రా బావా, కూసో,” అన్నాడు చీఫ్ సారంగపాణి. స్టేషన్ ఘన్‌పూర్ మనిషి. ఆయనకు ఈ లోకంలో మగవాళ్లంతా బావలే. ఆటో తోలేవాడు బావ, బ్యాంకు మేనేజరు బావ, ఢిల్లీ నుంచి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన సెక్రటరీ కూడా బావే. ఆ సెక్రటరీ వారం రోజులు తన భార్య చుట్టాల్లో ఈయనెవరో వెతుక్కున్నాడట.

“రేవు పట్నంల మన పెద్దబావను లేపేసిండ్రు,” అన్నాడు చీఫ్. “తేనెపట్టు ముఠా పనే. మన పాత మెయిల్ ప్రోగ్రాంకు ఏడనో బొక్క పడ్డదని ఢిల్లీ అనుమానం. ఇయ్యాల ఆరింటికి దాన్ని బంద్ చేస్తాండ్రు. గంతలోపల గ్రూప్ లిస్టులన్నీ కొత్త ప్రోగ్రాంల పడాలె. ఐడీ పాతదే, ప్రోగ్రామే కొత్తది.”

“కాపీ తీసి పెట్టుకుంటే?”

“తియ్యనియ్యదు. పాతదాంట్లకెళ్లి కొత్తదాంట్లకు సీదా పోవాలె. అదీ నీ బొటనవేలు పడితేనే.”

“ఆరు దాటితే?”

“పరాయి దేశాలల్ల మనకు పని చేసే నలభై మంది అనాథలైతరు. లిస్టు ముఠాకు దొరికిందనుకో, పెద్దబావ పక్కనే నలభై ఫొటోలకు దండలెయ్యాలె.” చీఫ్ లేచాడు. “ఫికర్ చెయ్యకు. స్నేహలత వస్తాంది. కొత్త ప్రోగ్రాం పెట్టింది గూడ ఆమెనే. నేను కింద చాయ్ తాగుతాంట.”

స్నేహలత పేరు వినగానే భానుచందర్ లోపల ఏదో లాగిన్ అయింది.

ఆమె డబుల్ ఏజెంట్. ముఠాలో చేరి మనకు పని చేస్తుంది. రెండు చోట్ల జీతం, ఒక్క చోటే పీఎఫ్. మెరుపు చీర, నల్ల కళ్లద్దాలు, చెవి లోలాకులో మైక్రోఫోన్, లిప్‌స్టిక్‌లో పిస్టల్. పేరులో సగం స్నేహం, సగం లత. ఆరేళ్లుగా ఆ లత భానుచందర్ గుండెకే చుట్టుకుంది. మొన్ననే ధర్మసాగర్ కట్ట మీద పెళ్లి మాట ఎత్తాడు. ఆమె నవ్వి, “ఈ మిషన్ అయిపోనీ భానూ,” అంది. పెళ్లి ముహూర్తాన్ని మెయిల్ ప్రోగ్రాంకు ముడిపెట్టిన మొదటి ప్రేమికుడు బహుశా ఇతడే.

ఆమె వచ్చింది. సెంటు ఆమెకంటే ముందే వచ్చి కూర్చుంది.

“టైం తక్కువుంది. చిన్న గ్రూపులు ముందు పంపి చూద్దాం,” అంది.

భానుచందర్ బొటనవేలు ఆనించాడు. పాత ప్రోగ్రాం మూలుగుతూ తెరుచుకుంది. దాని పాస్‌వర్డ్ ఎప్పుడో పాసిపోయిన వర్డ్. ‘క్రికెట్ టీమ్’ గ్రూపును ఎంచి కొత్త ప్రోగ్రాంలోకి పంపాడు.

స్నేహలత హ్యాండ్‌బ్యాగ్‌లో ఫోను ‘టింగ్’ అంది.

‘పుట్టినరోజులు’ గ్రూపు పంపాడు. మళ్లీ టింగ్.

భానుచందర్ వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. ఇక్కడ ఏది పడినా ఆమె ఫోన్లోనూ పడుతోంది. ఆమె ఫోన్లోంచి ఇంకెక్కడ పడుతోందో అడగాల్సిన పని లేదు. పెద్దబావను బయట కలిసిన మనిషి ఈ ఆఫీసు మొత్తంలో ఒక్కరే. బొక్క పడింది పాత ప్రోగ్రాంకు కాదు.

ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. మూడోది ‘స్టాఫ్’ గ్రూపు. అందులో చీఫ్ ఉన్నాడు. కొత్త గ్రూపులో ఎవరిని చేర్చినా వాళ్ల ఫోనుకు గ్రూపు పేరుతో కబురు వెళ్తుంది. పేరు మార్చడానికి గడి ఉంది. ‘స్టాఫ్’ తీసేసి టైప్ చేశాడు: ‘జల్ది పైకి రండి, స్నేహలత మనది కాదు’. పంపాడు.

కింద చాయ్ కొట్టులో చీఫ్ ఫోను మోగింది. పైన హ్యాండ్‌బ్యాగ్ కూడా మోగింది. తెలివి రెండు వైపులా పదునే.

ఆమె ఫోను చూసుకుంది. నల్ల కళ్లద్దాలు తీసింది. లిప్‌స్టిక్ మూత కూడా తీసింది.

“చెయ్యి కదిలిస్తే కాలుస్తా. నలభై మంది గ్రూపు పంపు.”

“ఎందుకు స్నేహా?”

“వాళ్లు ఎక్కువిస్తరు. ఇంకేం వినాల్నని ఉంది నీకు?”

“ధర్మసాగర్ కట్ట మీద నేనన్న మాట…”

“రిపోర్ట్‌ల రాసిన. ‘టార్గెట్ పూర్తిగా నమ్మిండు’ అని. ఒక్క లైను.”

ఆరేళ్లు. ఒక్క లైను. తుపాకీ పేలకపోయినా తగిలే చోట తగిలింది.

మెట్ల మీద చీఫ్ రొప్పు వినిపిస్తోంది. మూడంతస్తులు, లిఫ్టు లేదు, చీఫ్ బరువు ఏ మెయిల్‌కూ అటాచ్ చేయలేనంత. గోడ గడియారం ఆరుకు ఒక్క నిమిషం ముందుంది.

“నొక్కు!”

నొక్కాడు. స్క్రీన్ మీద ఒక ప్రశ్న వచ్చింది: ‘ఒకే పేరుతో నలభై ఒక్క కాంటాక్టులు ఉన్నాయి. మొదటిది ఉంచి మిగతావి తీసేయమంటారా?’

ఆ లిస్టులో ఎవరి పేరూ లేదు. రాయని పేరును ఎవడూ అమ్మలేడని చీఫ్ సిద్ధాంతం. అందుకని చేర్చిన ప్రతివాణ్నీ నోటికొచ్చిన అలవాటుతో ఒకే పేరు మీద రాసుకున్నాడు: బావ. బావ. బావ. మెయిల్ ఐడీలే వేరు. పాత ప్రోగ్రాం పెద్దమనిషి, ఎంత మంది బావలనైనా పోషించింది. కొత్తదానికి చుట్టరికాలు తెలియవు.

భానుచందర్ వేలు మౌస్ మీద ఆగింది.

“ఏం చూస్తానవ్? డూప్లికేట్లేనాయె,” కసిరింది స్నేహలత, కళ్లు తలుపు మీదే ఉంచి. “అవును నొక్కు!”

ఆరేళ్లలో ఆమెకు చెప్పకుండా దాచుకున్న మొదటి సంగతి అదే. అవును నొక్కాడు.

టింగ్.

ఆమె ఆబగా ఫోను చూసింది. నలభై మంది ఉండాల్సిన గ్రూపులో ఒకే ఒక్క బావ. లిస్టులో మొదట చేరినవాడు, పెద్దబావ. ముఠా చేతికి దక్కిన ఒకే ఒక్క మనిషి, మొన్న ముఠా చంపేసిన మనిషే.

“మళ్ల తెరువు! పాతదాన్ని మళ్ల తెరువు!” అతని బొటనవేలు పట్టుకుని గుంజింది. స్క్రీన్ నల్లబడింది. ఆరు.

ఆ క్షణాన తలుపు విరిగింది. చీఫ్ లోపలికి రాలేదు, పడ్డాడు. పడటం కూడా ఆమె మీదే పడ్డాడు. పిస్టల్ ఎగిరి క్యాన్‌లో బుడుంగుమంది.

పోలీసులు తీసుకుపోతుంటే స్నేహలత వెనక్కి చూడలేదు. భానుచందర్ మాత్రం మెట్ల చప్పుడు ఆగేదాకా చూస్తూనే ఉన్నాడు.

“ముఠాకు దొరకలె, సంతోషం,” అన్నాడు చీఫ్. తర్వాత సంగతి అర్థమై నిజంగానే బావురుమన్నాడు. “మనకు గూడ దొరకలె గదరా! నలభై మంది ఐడీలు నాకు నోటికి రావు. ఎట్ల పిలుసుడు వాళ్లను?”

“మనం పిలవొద్దు సార్,” అన్నాడు భానుచందర్. “ఇయ్యాల శుక్రవారం. మీరు ప్రతి శుక్రవారం వాళ్లకు ‘క్షేమమా బావా’ అని మెయిల్ పెడతరు. ఈసారి పోలేదు. పిలుపు అందని బావ ఎన్నడన్న ఊకున్నడా?”

ఆ రాత్రే భానుచందర్ కొత్త ప్రోగ్రాంలోంచి స్నేహలత ఫోనుకు పోయే దారి తెంపేశాడు. తెల్లవారేసరికి ఇన్‌బాక్స్ పొంగింది. ‘ఏం బావా, మేం యాదికి లేమా?’ అని ఒకడు. ‘అందరికి పంపి నన్నే మర్సినట్టున్నవ్, సరే తియ్యి’ అని ఇంకొకడు. ‘ఇగ నేను మాట్లాడ’ అని రాసి, అర గంటకోసారి మళ్లీ రాసినవాడు మరొకడు. నలభై అలకలు, నలభై ఐడీలు. భానుచందర్ ఒక్కొక్కరికి కోడ్ ప్రశ్న వేసి, సరైన జవాబు చూసుకుని, ఈసారి బావ పక్కన తలా ఒక ఊరి పేరు తగిలించి చేర్చాడు. చీఫ్ ఒక్కొక్కరికీ క్షమాపణ రాస్తూ కళ్లు తుడుచుకున్నాడు.

చివరి బావ చేరాక కొత్త ప్రోగ్రాం ఎంతో మర్యాదగా ఒక గడి తెరిచింది. ‘మీరు అందరికంటే ఎక్కువగా మెయిల్ చేసిన వ్యక్తి: స్నేహలత. ఫేవరెట్స్‌లో చేర్చమంటారా?’

కింద రెండే బటన్లున్నాయి. ‘చేర్చు’. ‘తర్వాత గుర్తు చేయి’.

‘వద్దు’ అనే బటన్ కోసం భానుచందర్ చాలాసేపు వెతికాడు. దొరక్క, రెండోది నొక్కి నీళ్ల క్యాన్ భుజానికెత్తుకున్నాడు.