బోర్డు పట్టుకున్న పిల్ల

కలకత్తా డాకు పక్కన, తెలుగువాళ్ళుండే వాట్‌గంజ్ సందులో ఆ ఉదయం బెంగాలీ పేపరొకటి ఇంటింటికీ తిరిగింది. ఆటల పేజీలో అప్పలసూరి ఫొటో పడింది మరి. మట్టికొట్టుకుపోయిన మొహంతో, చేతిలో కప్పుతో నవ్వుతున్నాడు. సీజన్లో మొదటి రెండు రేసులూ అతనే గెలిచాడనీ, ఈ ఊపు ఇలాగే సాగితే ఈ ఏడాది తూర్పు జోన్ మోటార్ సైకిల్ టైటిల్ ఈ డాక్ కుర్రాడిదేననీ కింద రాశారు.

తిరిగి తిరిగి పేపరు హైమ చేతికొచ్చింది. ఆమె కప్పూ చూడలేదు, రాసిందీ చదవలేదు. సూరి భుజం పక్కన నిలబడ్డ పిల్లని చూసింది. తలమీద టోపీ, జీన్సు ప్యాంటు, చేతుల్లో పలకలాంటి నల్లబోర్డు, నోరంతా నవ్వు.

"ఈ పిల్లెవులు?"

సూరి హైమ వాళ్ళ గుమ్మంలోనే కూర్చుని, ఆమె తల్లి అప్పమ్మ ఇచ్చిన టీ ఊదుకుంటున్నాడు.

"మౌమితా. మా టీంలో బోర్డు సూపిత్తాది."

"బోర్డేటి?"

"హెల్మెట్టెట్టుకుంటే ఆ మోతలో ఏటీ ఇనబడదే. ఎనకాలోడు ఎంత దూరంలో ఉన్నాడో బోర్డు మీద రాసి రౌండు రౌండుకీ సూపిత్తాది. మనం అటోపాలి సూసి ఎల్లిపోడమే."

"రౌండు రౌండుకీ సూత్తావా?"

"సూడకపోతే ఎలాగ?"

"ఎన్ని రౌండ్లు?"

"పదేను."

హైమ పేపరు నాలుగు మడతలు పెట్టి అతని ఒళ్ళో పడేసింది. "అయితే పదేనుసార్లు సూత్తావన్నమాట."

అప్పమ్మ నవ్వాపుకుంటూ లోపలికి వెళ్ళింది. సూరికి మాత్రం ఏమీ అర్థం కాలేదు. ఇంజను గొంతు మారితే పసిగట్టే మనిషికి ఆడపిల్ల గొంతు మారితే తెలియదు.

సూరి ఏక్‌బాల్‌పూర్‌లో మెకానిక్. గ్యారేజీలో చేరకముందు రెండేళ్ళు డాకులో హైమ తండ్రి గవరయ్య కింద పనిచేశాడు. గవరయ్య ఓడమీద నిలబడి క్రేను డ్రైవరుకి చేతులతో సైగలు చేస్తాడు. ఎత్తమనీ, దించమనీ, పక్కకి తిప్పమనీ. ఆ సైగలు ఆయనే చెయ్యాలి, ఇంకెవరు చేసినా క్రేను కదలదు. ఒక్క సైగ మాత్రం వేరు. రెండు చేతులూ పక్కలకి బారచాపితే ఆపమని. అది ఎవరు చూపించినా సరే, చీపురు పట్టుకున్న మనిషి చూపించినా సరే, ఎందుకని అడక్కుండా ఆపెయ్యాలి. ఆలస్యమైతే కింద ఎవరి ప్రాణమైనా పోవచ్చు. గవరయ్యకి అది ఎంత ఒంటబట్టిందంటే, అన్నం వడ్డిస్తుంటే చాలనడు, చేతులు చాపుతాడు. చూసి చూసి హైమకీ అదే అలవాటైంది.

హైమకీ సూరికీ మధ్య ఏదో ఉందని సందులో అందరూ అనుకుంటారు. ఆ ఇద్దరే ఇంకా పైకి అనుకోలేదు.

మూడో రేసు దగ్గరపడే కొద్దీ సూరి నోట ఆ పేరు తప్ప వేరే మాట లేదు. సాయంత్రం వచ్చాడంటే అదే.

"మూడో రేసయ్యాక పాయింట్లలో పైనున్నోడికి టైర్ల కంపెనీ సీజనంతా టైర్లిత్తాదంట. టైర్లొత్తే ఇంక మనల్ని పట్టుకునీవోడు నేడంతాది మౌమితా. జంషెడ్‌పూరోడు ఒక్కడే మనకి పోటీ అంతాది మౌమితా."

"ఇంకేటంతాది?" అంది హైమ చేపలు తోముతూ.

"మలుపులో కుడిపక్కకి వొరగమంతాది."

"అన్నం ఏటితో తినమంతాది?"

"అదేటే, అలాగంతావు?"

హైమ చేప మొప్పలు పీకి పళ్ళెంలో వేసిన తీరు చూసి అప్పమ్మ, "ఒరే సూరీ, నువ్వు ఇంటికెల్లు నాయినా," అంది.

రేసునాడు గవరయ్యకి డాకులో సెలవు. కూతుర్ని తీసుకుని ఊరి చివర రాజార్‌హాట్ వెళ్ళాడు. సగం లేచిన మేడల మధ్య ఖాళీ నేలలో మట్టితో ట్రాక్ వేశారు. దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్ళు కొట్టారు. ఎక్కడ చూసినా కుర్రకారు, ఈలలు, వేరుశనగ పొట్లాలు. గవరయ్యకి ట్రాక్ అవతల తెలిసినవాళ్ళు కనిపిస్తే అటు వెళ్ళాడు. హైమ ఇటుకల గుట్ట ఒకటి చూసుకుని ఎక్కింది. సరిగ్గా ఎదురుగా, తాడు పక్కన, మౌమితా వీపు.

ఫొటోలోకన్నా బాగుంది. అది ఇంకా మంట.

రేసు మొదలైంది. మొదటి రౌండులోనే సూరి ముందుకొచ్చేశాడు. ఎర్ర హెల్మెట్టు దూసుకొచ్చి, మౌమితా ముందుకొచ్చేసరికి తల ఇటు తిప్పి, వెళ్ళిపోయింది. ఒకటి. మళ్ళీ వచ్చింది, మళ్ళీ తిప్పింది. రెండు. లెక్కపెట్టకూడదనుకుంది హైమ. అయినా పెట్టింది. పోనుపోను ఆ తల ఇంకాస్త ఎక్కువసేపు ఇటే ఉంటున్నట్టనిపించింది. తొమ్మిదోసారి మౌమితా బోర్డు పైకెత్తి ఊపింది. పదోసారి టోపీ కూడా తీసి ఊపింది. దానికి సూరి ఎడంచెయ్యి హ్యాండిల్ మీంచి లేపి జవాబిచ్చాడు.

హైమకి అరికాళ్ళలోంచి మంట లేచింది. చాలు, ఇంక చాలు అనుకుంది. పదకొండో రౌండుకి ఎర్ర హెల్మెట్టు ఇటు తిరిగేసరికి ఆమె చేతులు రెండూ వాటంతటవే పక్కలకి బారచాపుకున్నాయి.

సూరి బండి ఆగిపోయింది.

అంచుకి లాగి, కాలు కిందపెట్టి, ఆపేశాడు. జంషెడ్‌పూర్ వాడు దాటిపోయాడు. వాడి వెనక ఇంకొకడు, ఇంకొకడు. సూరి ముందూ వెనకా వెతికి, ట్రాక్ మీద ఏమీ లేదని తెలిశాక బండి కదిలించాడు. ఆఖరికి నాలుగో స్థానం. జంషెడ్‌పూర్ వాడు గెలిచి, రెండు పాయింట్ల తేడాతో పైకెళ్ళాడు.

హైమ గుట్ట దిగేసరికి టీం నడిపే బాపీదా బెంగాలీలో అరుస్తున్నాడు. "ఎందుకాపావు? చేతిలోకొచ్చిన టైర్లురా అవి."

"ఇంజను తడబడింది దాదా," అన్నాడు సూరి నేలకేసి చూస్తూ.

అంతలో హైమ కనబడింది. అందర్నీ తోసుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఏటైంది? మావకేటైనా అయిందేటి?"

"ఏటీ అవ్వనేదు. అయ్య అవతలున్నాడు."

"మరెందుకాపమన్నావు?"

ఈలోపు మౌమితా వచ్చింది. బోర్డు చంకలో పెట్టుకుని హైమని ఎగాదిగా చూసి, బెంగాలీలో అందుకుంది. "ఆ ఇటుకల మీద నిలబడింది మీరేనా దీదీ? నాకిప్పుడు అర్థమైంది. రెండో రౌండునుంచీ బోర్డు చూడడం మానేశాడు. నా తలమీంచి ఎక్కడో చూస్తాడు. బోర్డూపాను, టోపీ ఊపాను, గంతులొక్కటే తక్కువ. పైగా చెయ్యెత్తి సలాం కొడతాడు, నాకు కాదు. ఇలాంటివాడితో టైటిలెలా గెలుస్తాం బాపీదా?"

సూరి చెవులు హెల్మెట్టు రంగుకి తిరిగాయి.

హైమ బాపీదా ముందుకెళ్ళి నిలబడి, తనూ బెంగాలీలోనే అంది. "ఇంజను బాగానే ఉంది దాదా. నేను ఆపమన్నాను. అక్కడ ప్రమాదమేమీ లేదు." మౌమితా వైపు చూడలేక చెప్పులకేసి చూసింది. "ఈవిడ మీద కుళ్ళుతో."

బాపీదా తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉంచేశాడు. మౌమితా ఒక్కతే పొట్టపట్టుకుని నవ్వింది.

జనాన్ని దాటుకుని వచ్చిన గవరయ్య ఈ ఆఖరు మాటలు విన్నాడు. ఆయన మొహం గట్టిపడింది. "ఆపు అన్నది ఉబుసుపోక సూపించీది కాదు. డాకులో అయితే నిన్ను గేటు బయటకి పంపీసుందును."

"తప్పే అయ్యా."

"నానే ఆగినాను కదా మావా," అన్నాడు సూరి.

"ఆగక? ఆపమంటే ఆగాల." గవరయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కూతురు తల దించుకుని ఉంది గాని నవ్వు కనబడకుండా పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయనకి ఇంక చెప్పక్కర్లేకపోయింది. "ఎన్ని రేసులున్నాయిరా ఇంకా?"

"మూడు మావా."

"రెండు పాయింట్లేనా తక్కువ?"

"రెండే."

"ఆ రెండూ ఎక్కించీసి, మీ అమ్మని తోలుకుని మా ఇంటికి రా. మాటాడుకుందాం." అని బస్సు వచ్చేవైపు నడిచాడు.

సూరి అక్కడే నిలబడిపోయాడు. "టైర్లు పోయాయి," అన్నాడు.

"తెలుసు. నీకు కోపం నేదా?"

"ఉంది." హెల్మెట్టు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "పాత టైర్లతోనే లాగాల. నువ్వు మట్టుకు ఆ గుట్ట మీద నిలబడకు. బోర్డు పక్కన నిలబడు. అప్పుడు రెండూ ఓపాలే సూడొచ్చు."

"మౌమితా ఒప్పుకుంతాదా?"

"అడుగుదాం."

"వచ్చే రేసుకి నానే అడుగుతాను," అంది హైమ.

ఆమె వెనక్కి తిరిగి చూసుకోకుండా తండ్రి వెనకాల వెళ్ళింది. బండిని గ్యారేజీ లారీ దాకా తీసుకెళ్ళాలి. సూరి ఆమె వెళ్ళినవైపే చూస్తూ కిక్కు కొట్టాడు. అంటుకోలేదు. ఇంకోటి కొట్టాడు. ఆ పక్కనుంచి చూస్తున్న మౌమితా ఆఖరికి జాలిపడి, "పెట్రోలు ట్యాపు కట్టేసి ఉంది సూరిదా," అంది.