లెక్కకు రాని ముద్ద

కొండమ్మ కొత్త చెయ్యి తాళం తీసింది, సూదిలోకి దారం ఎక్కించింది, కోడిగుడ్డును పగలకుండా పట్టుకుంది. పప్పన్నం మాత్రం కలపలేకపోయింది. వేళ్ళు కంచంలోకి దిగి, అన్నాన్ని ఇటుకను పట్టినట్టు పట్టి పైకి లేచేసరికి మెతుకులన్నీ సందుల్లోంచి జారి ఆమె ఒళ్ళో పడ్డాయి. మూడోసారీ అంతే అయింది. ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"గరిట అట్టుకుంటాది, కూడు అట్టుకోదు. ఏటమ్మా ఈ సెయ్యి?" అంది ఎదురుగా కూర్చున్న డాక్టర్ వకుళతో. "నా సేత్తో నాను బువ్వ తిని పద్నాలుగు నెలలయ్యింది. కూతురు పెడతంటే నోరు తెరిసి కూకుంటన్నాను. ఈ ముక్క ముందే సెప్పినాను గదా మీకు."

నిజంగానే చెప్పింది. గాలిమరల కర్మాగారంలో యంత్రం కింద కుడిచెయ్యి పోగొట్టుకుని వచ్చిన రోజున, కొత్త చేత్తో ఏయే పనులు చెయ్యాలనుకుంటున్నావంటే ఆమె ఒకే ఒక పని రాయించింది. వకుళకు తల కొట్టేసినట్టయింది.

అది 2091. కృత్రిమ హస్తాలకు కదలిక నేర్పే కణుపుతొడుగును కనిపెట్టింది వకుళే. మన చేతిలో ఇరవైకి పైగా కీళ్ళ కదలికలున్నా, ఏదీ ఒంటరిగా కదలదు. ఉంగరం వేలు వంచి చూడండి, చిటికెన వేలు అడక్కుండానే వెంట వస్తుంది. మెదడు ఒక్కో కీలునూ విడివిడిగా ఆడించదు, కొన్నింటిని కట్టగా కట్టి ఒకేసారి లాగుతుంది. ఆ కట్టలకు వకుళ తోడుకదలికలని పేరు పెట్టింది. చేతికి ఆ పల్చటి తొడుగు వేసుకుని మనిషి తన మానాన తాను పనులు చేసుకుంటుంటే, ఏ కణుపు ఏ కణుపుతో ఎంత కలిసి కదిలిందో తొడుగు కొలుస్తుంది. నాలుగు వేలమందిని, మనిషికి పదిహేను రోజుల చొప్పున, నిద్ర లేచినప్పటినుంచి పడుకునేదాకా కొలిచారు. అదంతా వడకడితే ఏడు తోడుకదలికలు మిగిలాయి. ఆ ఏడూ నేర్చుకుంటే రోజువారీ పనుల్లో నూటికి తొంభై ఎనిమిది వచ్చేసినట్టే.

ఆ ఏడింటినీ ప్రామాణిక హస్తంగా ఖరారు చేసే సమావేశం మర్నాడే ఉంది. ఒకసారి ముద్ర పడిందంటే పన్నెండేళ్ళదాకా మార్చడానికి వీల్లేదు. ఆ చెయ్యి కోసం నలభై వేలమంది ఎదురుచూస్తున్నారు.

వకుళ పరుగున వెళ్ళి పరిశోధన కేంద్రం డైరెక్టర్ పద్మనాభానికి చెప్పింది.

"మిగిలిపోయిన రెండు శాతంలో అదొకటి అయ్యుంటుంది," అన్నాడాయన తాపీగా. "ఈ రోజుల్లో చేత్తో ఎవరు తింటున్నారమ్మా? ఫారంలో నాలుగు వేలమందీ చెంచా అనే రాశారు. నేనూ రాశాను."

"కొండమ్మ చేత్తోనే తింటుంది సార్."

"చెంచా అలవాటు చెయ్యండి. కాస్త నాగరికత నేర్పినట్టూ ఉంటుంది."

వకుళకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి పోయి వచ్చిన మనిషికి చెయ్యి ఇవ్వలేరు గానీ నాగరికత ఇస్తారట. ఇంకో మాటంటే నోరు జారుతుందని తన గదికి వచ్చేసింది. కోపం దిగకుండానే, కొలతలన్నీ దాచుకున్న కంప్యూటర్ గణనిని అడిగింది.

"ఈ నాలుగు వేలమంది అన్నం ఎలా తింటారు?"

"తినరు," అంది గణని.

"తినకపోవడమేమిటి?"

"కొలతల్లో భోజనం లేదు. చెంచా పట్టిన కదలికలు ఉన్నాయి. అవి మందు పోసుకోవడానికీ, చక్కెర కలుపుకోవడానికీ. రోజుకు రెండు పూటలా, సుమారు ఇరవై రెండు నిమిషాలసేపు తొడుగు చేతికి లేదు. అందరిదీ అంతే."

తొడుగు తడిసినా పాడవదు. స్నానానికి కూడా తియ్యక్కర్లేదని అందరికీ చెప్పారు, ఎవరూ తియ్యలేదు. మరి భోజనానికెందుకు తీశారు? పరీక్ష కోసం వకుళ కూడా పదిహేను రోజులు తొడుక్కుంది. ముందు తన లెక్కే తీయించి చూసుకుంది. మధ్యాహ్నం ఒంటిగంట పది, తొడుగు తీసివేత. అప్పుడు గుర్తొచ్చింది. తీసి, కంచానికి దూరంగా కిటికీలో పెట్టేది, ఎంగిలవుతుందని. పదిమందిలో చెంచా, ఇంట్లో చెయ్యి. ఫారంలో మాత్రం చెంచా అని రాసింది, ఆ చేత్తోనే. ఇంతసేపూ డైరెక్టర్ మీద కాగిపోయిన కోపం ఇప్పుడు తనమీదికి కూడా వచ్చింది. నాలుగు వేలమంది సిగ్గుపడితే దాని ఫలితం కొండమ్మ ఒళ్ళో పడుతోంది.

మర్నాడు మధ్యాహ్నం సమావేశానికి వకుళ కొండమ్మను కూడా వెంటబెట్టుకు వెళ్ళింది. పద్మనాభంతో కలిపి సభ్యులు ఐదుగురు. ఐదుగురూ తొడుగులు వేసుకుని కొలతలిచ్చినవాళ్ళే.

"ఏడో నంబరు తొడుగు మీదే కదా సార్? రోజూ మధ్యాహ్నం ఎందుకు తీసేశారు?" అని అడిగింది వకుళ.

కాగితాల్లోంచి తలెత్తకుండానే, "ఎంగిలవుతుందని," అనేశాడు పద్మనాభం.

"చెంచాతో తినేవాళ్ళ చేతికి ఎంగిలి ఎక్కడిది సార్?"

తక్కిన నలుగురికీ ఉన్నట్టుండి కిటికీలోంచి సముద్రం చాలా అందంగా కనిపించింది. పద్మనాభం ముఖం కందగడ్డలా అయింది.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"తొడుగు తియ్యకుండా ఒక్క భోజనం చెయ్యండి. ఒక్క చేతి కొలత దొరికినా కొండమ్మ చేతికి నేర్పగలను. తొడుగు తయారుచేసినవాళ్ళ చెయ్యీ, ఆ నాలుగు వేలమందిలో లేని చెయ్యీ లెక్కకు చెల్లవని మీరే నిబంధన పెట్టారు, లేకపోతే నేనే తినేదాన్ని. నిన్న రాత్రినుంచి అరవైమందికి ఫోన్ చేశాను. అరవైమందీ చెంచా అనే అన్నారు."

"ఇంతమంది ముందు నేను తినలేను," అన్నాడాయన.

గుమ్మం దగ్గర నిలబడ్డ కొండమ్మ ముందుకొచ్చింది. "నాకు సెయ్యి నేక సిగ్గు బాబూ. మీకు ఉండీ సిగ్గేనా?"

పద్మనాభం ఆమె మణికట్టు వంక చూశాడు. తర్వాత కోటు విప్పి కుర్చీకి తగిలించాడు, లేచి వెళ్ళి తలుపు వేశాడు, వకుళ అందించిన తొడుగు తొడుక్కున్నాడు. "వడ్డించమనండి," అన్నాడు. కంచం మీదికి వంగి, ఎవరివంకా చూడకుండా గబగబా తిన్నాడు. వకుళ ఆయన్ను చూడలేదు, తెరమీద పరుగెత్తుతున్న అంకెల్నే చూస్తూ కూర్చుంది.

పది నిమిషాల్లో గణని ఆ కదలికను కొండమ్మ చేతికి ఎక్కించింది. ఆమె ముందు మళ్ళీ పప్పన్నం పెట్టారు. చెయ్యి కంచంలోకి దిగింది. ముందు చిటికెన వేలి అంచుతో అన్నాన్ని రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని జాగ్రత్తగా పక్కకు జరిపింది. రెండో భాగంలో పప్పు కలిపింది, వేళ్ళ చివర్లతో మెదిపింది, ముద్ద చేసి నోటికి అందించింది. కొండమ్మ కళ్ళు మూసుకుని నమిలింది. చెంపలమీద నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. చూస్తున్న వకుళకు కూడా ఏడుపొచ్చింది.

రెండో ముద్ద, మూడో ముద్ద. అవతల పెట్టిన సగాన్ని మాత్రం చెయ్యి ముట్టుకోలేదు.

"ఆ సగం ఎందుకు తీసి పెట్టింది? ఏదో లోపం ఉన్నట్టుంది," అంది వకుళ.

"లోపం కాదు. మూల హస్తంలో, అంటే కొలత ఇచ్చిన చేతిలో, ఉన్నదే," అంది గణని. "అన్నంలో చెయ్యి పెట్టగానే జరిగే మొదటి కదలిక అది. మూల హస్తం ఆ సగాన్ని చివర్లో తినేసింది."

కొండమ్మ నమలడం ఆపింది. అలాంటి సగాన్ని ఆమె ఎరుగును. "ఎవురికి బాబూ ఆ వాటా?" అనడిగింది.

"చెల్లెలికి," అన్నాడు పద్మనాభం. "ఇద్దరికీ ఒకటే కంచం. అది బడినుంచి ఆలస్యంగా వచ్చేది."

ఈ మనిషా నిన్న నాగరికత నేర్పమన్నది? వకుళకు మళ్ళీ మండింది. ఈసారి ఆయనమీద కాదు. అంత గొప్ప చేతిని జేబులో దాచుకుని బతకమని ఆయనకు నేర్పిన వాళ్ళెవరో, వాళ్ళమీద.

పద్మనాభం తేరుకుని, కోటు మళ్ళీ తొడుక్కోబోతూ గణని వైపు తిరిగాడు. "అది ప్రామాణిక హస్తంలో అక్కర్లేదు. నా పాత అలవాటు. ఆ ఒక్క కదలిక తీసేసి మిగతాది ఉంచు."

"వీలు కాదు," అంది గణని. "నాలుగు రకాలుగా విడదీసి చూశాను. సగం తీసి పెట్టే కదలికా, ముద్ద చేసే కదలికా వేర్వేరు కావు, ఒకే తోడుకదలిక. అది తీసేస్తే ముద్ద రాదు."

కొండమ్మ కంచం వైపు తిరిగి, నాలుగో ముద్ద కలుపుకోసాగింది. పద్మనాభం కోటు కిందపెట్టేశాడు. ముద్ర పడాల్సిన కాగితం దగ్గరికి లాక్కుని, ఎంగిలి తొడుగు తియ్యకుండానే కలం అందుకుని, తోడుకదలికల లెక్కలో ఏడు అన్న అంకె కొట్టేసి ఎనిమిది అని రాసి సంతకం పెట్టాడు.