నీలం దారం

సెలవు రోజు మధ్యాహ్నం. ఆస్పత్రిలో రోగులు కూర్చునే హాలు ఖాళీగా ఉంది. షట్టర్లు దించేశారు. ఫినాయిల్ వాసన, వరసగా ఇనుప కుర్చీలు, కౌంటర్ పైన గోడకి టోకెన్ నంబర్లు చూపించే పెద్ద తెర. దాని పక్కన నిచ్చెన మీద కరెంటు మేస్త్రి. డెబ్బై దగ్గర పడినా నిచ్చెన ఇంకొకరు పట్టుకుంటే ఒప్పుకోడు.

తెర మూడు రోజులుగా నల్లగా పడుంది. "రేపు తలుపులు తీసేసరికి నంబర్లు రాకపోతే కంపెనీ వాళ్లని పిలుస్తాను పెద్దాయనా. మీరిక ఇంట్లో విశ్రాంతి తీసుకోండి" అని పొద్దున వెళ్తూ అన్నాడు మేనేజరు. ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుతోంది. తన చేతికి లొంగని తెర ఈ నలభై ఏళ్లలో లేదు.

"అది మీకు లొంగదు తాతా. మా అత్తగారి రకం" అంది కౌంటర్ దగ్గర ఫైళ్లు సర్దుతున్న అమ్మాయి. హాలుకి తాళం వేసి వెళ్లాల్సింది ఆవిడే.

"మీ అత్తగారికి వెనక నాలుగు స్క్రూలుండవు. నీ పని చూసుకో."

మేస్త్రికి అంకెలు తప్ప అక్షరం ముక్క రాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పడు. అందుకే తీగలకి పేర్లు రాసి చీటీలు అంటించడు. కరెంటు పారే తీగకి నీలం దారం కట్టి ముడేస్తాడు. దారం కనబడితే ముట్టుకోకూడదు. తన దగ్గర పని నేర్చుకున్న తమ్ముడికీ అదే నేర్పాడు.

ఆ తమ్ముడు తొమ్మిదేళ్ల కిందట ఇలాంటి తెర వెనకే, తీగ పట్టుకుని ప్రాణం వదిలాడు. "నేను దారం కట్టాను. వాడే చూసుకోలేదు" అని మేస్త్రి అందరికీ చెప్పాడు. మరదలు ఒక్కతే నమ్మలేదు. మేస్త్రి ఆమె గడప మళ్లీ తొక్కలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

ఇవాళ దారం కట్టలేదు. ముట్టుకోవడానికి ఇక్కడెవరున్నారు? దారపు ఉండ జేబులోనే ఉంది.

వెనక మూత విప్పి, వదులైన తీగ బిగించాడు. తెర వెలిగింది. నంబర్లు మాత్రం రాలేదు. పైన ఒక వరస అక్షరాలు మెల్లగా తేలి, అలాగే నిలబడ్డాయి.

"ఇదెక్కడి పీడ" అనుకున్నాడు. నంబర్లు పంపే తీగ పీకాడు. అక్షరాలు పోలేదు. లోపలి కార్డు మార్చాడు. పోలేదు. అరచేత్తో చట్రాన్ని ఒక్కటిచ్చాడు. తెర చిన్నగా వణికింది, అంతే. చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది. పళ్లు పటపటా కొరుకుతూ దిగి, గోడకున్న ప్లగ్గు లాగి నేలమీద పడేశాడు.

"చావు."

మళ్లీ పైకెక్కాడు. లోపల నిలవున్న కరెంటు పోవడానికి పది లెక్కపెట్టాలి. పది అయింది. ఇరవై అయింది. ఖాళీ హాలులో తెర సన్నగా గుయ్యిమంటోంది...

అక్షరాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి.

ఎక్కడో రబ్బరు కాలుతున్న వాసన. తొమ్మిదేళ్ల కిందటి వాసన...

అప్పుడు చూశాడు. అవి అచ్చు అక్షరాలు కావు. వంకరటింకర చేతిరాత. చివరి అక్షరానికి బారెడు తోక. పని చీటీల మీద అన్న బదులు తానే రాసిపెట్టేవాడు తమ్ముడు. చదవడం రాకపోయినా ఆ తోకని మేస్త్రి ఎక్కడైనా గుర్తుపడతాడు.

మేస్త్రి తెర మీంచి చూపు తిప్పకుండానే పిలిచాడు.

"అమ్మాయ్... కళ్లద్దాలు ఇంట్లో మరిచాను. అక్కడ ఏం రాసుందో చూడు."

ఆమె తలెత్తింది. "మీరు పెట్టిందే కదా? 'అన్నా, ఈసారైనా దారం కట్టావా' అని ఉంది. ఏ దారం తాతా?"

తమ్ముడు పోయిన రోజు కూడా ఉండ మేస్త్రి జేబులోనే ఉంది. ఎవరిమీదో కోపంతో విసవిసా బయటికి నడిచాడు. వెనక్కి వచ్చేసరికి... దారం కట్టలేదన్న మాట తమ్ముడి పాడె మోస్తున్నప్పుడు కూడా నోరు దాటలేదు.

ఇప్పుడు దాటనిస్తే? తొమ్మిదేళ్లు నిలబెట్టుకున్న మాట ఏమైపోతుంది? మరదలి ముందు తల దించుకోవాలా?

తెరకి మొహం ఆనించి, పళ్ల మధ్య నుంచి గొణిగాడు.

"కట్టాను."

తెర చప్పున ఆరిపోయింది.

గుయ్యిమనే చప్పుడు మాత్రం ఆగలేదు. ఇప్పుడది తెరలోంచి రావడం లేదు... చాలా దగ్గర్లోంచి వస్తోంది. అతని పళ్లు జివ్వుమంటున్నాయి. చేతుల మీద నెరిసిన వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"నిచ్చెన ఊగుతోంది తాతా. ఇవాళ్టికి చాల్లెండి, దిగండి." ఆ అమ్మాయి నిచ్చెన కిందికి వచ్చి చెయ్యి చాపింది. "పట్టుకోండి."

అలవాటు లేకపోయినా మేస్త్రి చెయ్యి కిందికి చాపాడు. సగంలో ఆగిపోయాడు.

మణికట్టుకి నీలం దారం. రెండు చుట్లు. ముడి ఎడమ వైపుకి పడింది... ఎడమచేతి వాటమున్న తమ్ముడు వేసేట్టే.

జేబు తడుముకున్నాడు. ఉండ లేదు.

"ఏమైంది తాతా? ఇవ్వండి చెయ్యి."

"దగ్గరికి రాకు" అన్నాడు మేస్త్రి గుసగుసగా. "అమ్మా... నన్ను ముట్టుకోకు."

ఆమె నవ్వి, నిచ్చెన ఒక మెట్టు పైకెక్కింది.