సముద్రం మొహం చూడనన్నాడు

మే నెల వచ్చిందంటే అమీర్‌పేటలో పొద్దున ఎనిమిదింటికే మనిషి ఉడికిపోతాడు. చంద్రిక ఇంట్లో ఉన్నది ఒక్క కూలరు, దాని ముందు కూర్చునే హక్కు కోసం నలుగురూ రోజూ కొట్లాడుకుంటారు. ఆ శనివారం మాత్రం ఆ గొడవ లేదు. అంతా వంటింటి గుమ్మం దగ్గరే చేరారు. పెనం మీద దోసెలు, నోళ్లలో సముద్రం!

“గోవా డాడీ, గోవా! మా క్లాసుల అందరు పోయొచ్చిండ్రు,” అంది దివ్యశ్రీ, నోట్లో దోసె ముక్క ఉండగానే. ఇంటర్ పరీక్షలు అయిపోయిన పిల్ల, కాళ్లు ఇంట్లో నిలవడం లేదు.

“మీ నానమ్మను తీస్కొని గోవా పోతవా? గాడ నిక్కర్లేసుకొని తిరిగేటోళ్లను జూసి తిట్లెత్తుకుంటది,” అంది చంద్రిక దోసె తిప్పుతూ. “వైజాగ్ పోదాం. కొండ మీదికెల్లి సుత సముద్రం కనవడ్తదట.”

సురేందర్ పళ్లెంలోంచి తలెత్తలేదు. “ఎండలు మస్తున్నయ్. దసరాకు జూద్దం తీ,” అన్నాడు.

“ప్రతి యేడు గిదే పాట మీది! పోయినేడు జెల్లీ చేపలన్నరు, అంతకు ముందు తుఫానన్నరు. ఈసారి మాత్రం ఏమన్నగానీ, నలుగురం కల్సి మొదటిసారి సముద్రం జూడాల్సిందే.”

ఆ మొదటిసారి అనే మాటకు ఓ కథ ఉంది. పెళ్లయిన కొత్తలో సురేందర్ వైజాగ్‌కు టికెట్లు చేయించాడు. బయల్దేరాల్సిన పొద్దున్నే చంద్రిక మామగారు బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. సూట్‌కేసు విప్పుతూ కొత్త పెళ్లికూతురు వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పుడు సురేందర్ ఆమె చెయ్యి పట్టుకుని, “అమ్మతోడు, నువ్వు లేకుండ సముద్రం మొహం సుత జూడ,” అన్నాడు. ఆ తర్వాత పిల్ల, స్కూలు, పంజాగుట్టలో కర్టెన్ల దుకాణం, ఆమెకు కోచింగ్ సెంటర్లో ఉద్యోగం. సముద్రం అట్లా వెనక్కి పోతూనే ఉంది. అయినా చంద్రిక ఏనాడూ బాధపడలేదు. తాను చూడకపోతే ఆయనా చూడలేదు కదా, అదే ఆమెకు ఊరట.

“అత్తమ్మా, మీరు నీళ్లల్ల దిగుతరా, ఒడ్డు మీద కుర్చీ ఏయమంటరా?” అని అడిగింది హుషారుగా.

రుద్రమ్మ చేతులు అడ్డంగా ఊపింది. “అమ్మో, నేను దిగ బిడ్డా! అల ఎనకకు పోతుంటె కాళ్ల కిందికెల్లి ఇసుక గుంజుకపోతది. నాకైతే కండ్లు తిరిగినయ్.”

తిరుగుతయ్ అనలేదు ఆవిడ. తిరిగినయ్ అంది.

దివ్యశ్రీ చెయ్యి పళ్లెం మీదే ఆగిపోయింది. సురేందర్‌కు పొలమారింది. రుద్రమ్మ నాలుక కరుచుకుని, “అంటే... గదే... టీవీల జూస్తుంటె,” అని నసిగింది. చంద్రిక పెనం మీది దోసె నల్లగా మాడిపోయింది. ఆమె స్టవ్ కట్టేసి, ఎవరినీ ఏమీ అడగకుండా చీర మార్చుకుని ఉద్యోగానికి వెళ్లిపోయింది.

ఆమె కూర్చునేది సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పే కోచింగ్ సెంటర్లో, గుమ్మంలోనే ఉండే బల్ల దగ్గర. కొడుకుల్ని వెంటబెట్టుకుని వచ్చే తండ్రులతో మాట్లాడటం ఆమె పని. ‘చూస్తం మేడం’ అన్నవాడు ఎదురుగా ఉన్న సెంటర్లో చేరతాడు, ‘ఎప్పటి నుంచి మేడం’ అన్నవాడు ఇక్కడే చేరతాడు. మాట కొసను బట్టి మనిషిని పట్టేస్తుందని అక్కడ ఆమెకు పేరు. అంత పేరున్న మనిషి సొంత ఇంట్లో ఎంత గుడ్డిగా బతికిందో! ఆ ఆలోచనకే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం దాకా ఆగలేకపోయింది. మెట్ల దగ్గరికి వెళ్లి కూతురికి ఫోన్ చేసింది.

“నానమ్మ సముద్రం ఎప్పుడు జూసింది దివ్యా?”

 అటువైపు నుంచి ఏడుపు వినపడింది. “మమ్మీ, సారీ మమ్మీ... డాడీ చెప్పొద్దన్నడు. బాపట్ల పోయినం. అమ్మమ్మ... అమ్మమ్మ సచ్చిపోయిన రోజు.”

చంద్రిక అక్కడే మెట్టు మీద కూలబడింది.

రెండేళ్ల కిందటి మాట. ఆమె తల్లి వరంగల్ దవాఖానలో చనిపోతే, జనగామలోని పుట్టింటికి తీసుకొచ్చారు. సురేందర్‌కు ఎన్ని ఫోన్లు చేసినా ఎత్తలేదు. చివరికి ఎత్తి, ఫోను మర్చిపోయి కర్టెన్లు కొలవడానికి సైటుకు పోయానన్నాడు. తర్వాత దారిలో టైరు పేలిందన్నాడు. పాడె లేచింది, చితి అంటుకుంది, చీకటి పడ్డాక గానీ అతను తల్లినీ కూతుర్నీ తీసుకుని రాలేదు. ఆ రాత్రి దివ్యశ్రీ జడ విప్పితే వెంట్రుకలు అట్టకట్టి, వేళ్లకు గరగరా తగిలాయి. దారి దుమ్ము అనుకుంది తను. ఉప్పని ఇప్పుడు తెలిసింది.

మెట్రోలో ఒక్క స్టేషనే పంజాగుట్ట. దుకాణంలో సురేందర్ టేపు పట్టుకుని గుడ్డ కొలుస్తున్నాడు. భార్యను గుమ్మంలో చూడగానే టేపు చేతిలోంచి జారి చుట్ట చుట్టుకుంది.

“బాపట్లల అలలు మంచిగున్నయా?” అని అడిగింది చంద్రిక.

“చంద్రీ... జర కూసో ముందు.”

“కూసోను! గా దినం మా అమ్మ శవం పక్కన ఎంతసేపు కూసున్ననో నీకెర్కనా?”

పెళ్లయినప్పటి నుంచి అతన్ని మీరు అనే పిలిచింది. ఆ మీరు అప్పుడెక్కడ పోయిందో ఆమెకే తెలియదు. సురేందర్ షట్టరు సగం దించాడు.

“అమ్మకు మోకాలు ఆపరేషనుండె,” అన్నాడు తల వంచుకుని. “అయినంక ఇసుకల నడవొద్దన్నరు. సచ్చేలోపల ఒక్కసారి మాఘ పున్నమికి సముద్రంల మునుగుత కొడుకా అని ఏడ్సింది. నువ్వేమో మీ అమ్మ కాడ ఉంటివి. పోయి గా దినమే వచ్చేద్దమనుకున్న. నువ్వొచ్చినంక మెల్లగ చెప్దమనుకున్న. ఫోన్లు కార్ల వెట్టి దిగినం. ఎక్కి జూస్తె అన్ని నీ ఫోన్లే.”

“గప్పుడన్న నిజం జెప్పకపోయినవ్? బాపట్లల ఉన్న, బయల్దేరిన అంటె నిన్ను నరికేద్దునా? టైరన్నవ్! గా టైరు ముచ్చట ఊరందరికి నేనే చెప్పిన. పాడెకు భుజం వట్టడానికి సుత అల్లుడు రాలేదని మా అన్న అంటె, నీ దిక్కు నిలవడి అన్న మీదికి లేసిన. అన్న ఇంటి గడప తొక్కనని ఒచ్చేసిన. రెండేండ్లు! మా అన్న మొహం జూడక రెండేండ్లాయె. దేనికోసం? లేని టైరు కోసం!”

 సురేందర్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. 

“ఎట్ల జెప్పాలె చంద్రీ? నేను అమ్మతోడని ఒట్టు వెట్టిన. ఒట్టు దప్పితె మా అమ్మకేమన్న అయితదని గాడ నీళ్లల్ల ఆమె చెయ్యి ఇడవకుండ పట్టుకున్న. అమ్మతోడన్న గని, ఏ అమ్మనో అనలే గద. గది పోయి మీ అమ్మకు తాకింది. మీ అమ్మను నేనే సంపుకున్న.”

 ఇంత పెద్ద మనిషి, దుకాణం నడిపే మనిషి, రెండేళ్లుగా ఈ పిచ్చి భయాన్ని కడుపులో పెట్టుకుని తిరిగాడా! జెల్లీ చేపలు, తుఫాన్లు, దసరా వాయిదాలు అన్నీ ఇందుకా! ఒక పక్క చంద్రికకు జాలి ముంచుకొచ్చింది. ఇంకో పక్క చెంప పగలగొట్టాలనీ అనిపించింది.

“కిడ్నీలు పోయినయ్, ఇగ ఆశ లేదని డాక్టరు ముందల్నే చెప్పిండు,” అంది చివరికి. “నీ ఒట్టుకు గంత బలం లేదు. మా అమ్మ పోయింది నీ వల్ల కాదు. గని నువ్వు నా పక్కన లేకపోయింది మాత్రం నీ వల్లనే. గంత ఏడుపుల నాతోని అబద్ధమాడింది నువ్వే.”

  ఆమె షట్టరు కిందుగా వంగి బయటికి వచ్చేసింది.

ఇంటికి వచ్చేసరికి రుద్రమ్మ పొద్దుటి నుంచి మెతుకు ముట్టకుండా గోడకానుకుని కూర్చుని ఉంది. కోడల్ని చూసి లేవబోయింది, మోకాలు సహకరించలేదు.

“వాన్ని అనకు బిడ్డా. ఆశ నాది. నన్ను తిట్టు.”

“మీకు ఆశ ఉంటె తప్పేంది అత్తమ్మా? నాకు చెప్తె నేనే పంపుదును,” అంది చంద్రిక. “ముగ్గురు ఒక్కటై నన్ను బయట నిలవెట్టిండ్రు. సముద్రం ఎట్లుంటదో అని నేను చిన్నపిల్ల లెక్క మాట్లాడుతుంటె, మీరు ముగ్గురు ఎర్క లేనట్టు ఇన్నరు. గది కాలుతుంది నాకు.”

దివ్యశ్రీ వచ్చి వెనక నుంచి తల్లిని వాటేసుకుంది. చంద్రిక ఆ చేతుల్ని విడిపించుకోలేదు, అట్లాగని నిమరనూ లేదు. కొంచెం సేపయ్యాక అన్నం కలిపి అత్తగారి ముందు పెట్టింది. కోపం కోపమే, ముసలావిడ షుగర్ మాత్ర వేసుకోవాలి కదా.

సాయంత్రం దుకాణం తొందరగా మూసేసి వచ్చాడు సురేందర్. చెప్పులు విప్పి, దొంగలా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ఏం జెయ్యమంటవో చెప్పు. ఏదంటె గది జేస్త.”

“మా అన్నకు ఫోన్ చెయ్. నా ముందల చెయ్.”

అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. చంద్రిక అన్న సారయ్య ముక్కుసూటి మనిషి, మాట పడడు, మాట మింగడు. అయినా సురేందర్ ఫోన్ తీశాడు. స్పీకరు పెట్టాడు. అటువైపు హలో అనగానే ఆగితే మళ్లీ చెప్పలేనేమోనన్నట్టు గబగబా చెప్పేశాడు. బాపట్ల, అమ్మ స్నానం, కారులో ఫోన్లు, లేని టైరు, అన్నీ. “తప్పు నాది బావా. నీ చెల్లెకు ఏం ఎర్క లేదు. నా అబద్ధం నమ్మి నీతోని కొట్లాడింది,” అని కళ్లు మూసుకున్నాడు.

తిట్లు వస్తాయని అందరూ కాచుకున్నారు. దగ్గు వినపడింది. తర్వాత సారయ్య గొంతు మెల్లగా వచ్చింది.

“చెల్లె ఉన్నదా ఆడ? ఏమే, అన్నం తిన్నవా?”

రెండేళ్ల పంతం ఆ ఒక్క ప్రశ్నకు కరిగిపోయింది. పొద్దుటి నుంచి బిగబట్టిన ఏడుపంతా ఒక్కసారి తన్నుకొచ్చింది చంద్రికకు. “అన్నా” అని ఒక్క మాట అని, ఫోను రెండు చేతులతో పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. సారయ్య ఊకో ఊకో అంటూనే ముక్కు చీదుకోవడం వినపడుతోంది.

“సెలవులకు ఇటు రా. పిల్లను తోల్కొని రా,” అన్నాడు చాలాసేపటికి.

“వస్త అన్నా. ముందు సముద్రం కాడికి పోవాలె. నువ్వు సుత రా.”

“గోవానా? గాడ నాకేం పని?”

“కాదు. బాపట్లకు.”

సురేందర్ ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు. చంద్రిక కొంగుతో మొహం తుడుచుకుని, ఫోనులో మాట్లాడుతూనే అతని కళ్లలోకి చూసింది.

“గా దినం ఈయన ఏ జాగల నిలవడ్డడో, గా జాగ నాకు చూపెట్టాలె. నేను గాడ కూసొని అమ్మ కోసం ఏడ్వాలె అన్నా. గా దినం నేను అమ్మను సక్కగ జూసుకోలే. ఈయన ఎప్పుడొస్తడా అని గేటు దిక్కే జూస్తున్న. మీరు అమ్మను లేపుకపోయేదాంక గేటు దిక్కే జూస్తున్న.”

 సురేందర్ గుమ్మం దాటి వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. చంద్రిక అతని వైపు తిరగలేదు, కానీ అతను చెయ్యి పట్టుకుంటే వెనక్కి లాక్కోలేదు.